బ్రేక్ డాన్సంటే ఏటి? మన గెంతుకీ పారిస్ మెడల్‌కీ మధ్య దూరమెంత?

మన ఊళ్ళలో ఎవడైనా కాస్త ఒళ్ళు వంచి నాలుగు మెలికలు తిరిగితే "బ్రేకు వేస్తన్నాడ్రా" అంటారు. నేల మీద చెయ్యి ఆనించి గిర్రున తిరిగినా బ్రేకే. మరమనిషిలాగ చేతులు టకటకా కదిపినా బ్రేకే. నిమజ్జనం నాడు డీజే బండి ముందు చొక్కా విప్పీసి ఊగినా బ్రేకే. ఆఖరికి చెప్పిన పని చెయ్యకుండా ఊరి మీద తిరిగే గుంటణ్ణి కూడా "ఏటిరా నీ బ్రేకు డాన్సులు" అని తిడతారు.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో ఇదే ఆటకి మెడల్స్ ఇచ్చారు. ఇచ్చిన సంగతి మనకి తెలిసింది మాత్రం ఒక ఆస్ట్రేలియా ఆవిడ కంగారూలాగ గెంతిన వీడియో వల్ల. అది ఫోన్లన్నీ తిరిగింది. "ఈవిడకంటే మా ఊరి సంబరంలో ఆడే గుంటలు నయం", "మనోణ్ణి పంపితే బంగారం తెచ్చీసును" అని ఇచ్ఛాపురం నుంచి సాలూరు దాకా అన్నోళ్ళే. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుదామనే ఇది రాస్తన్నాను. నిజమైతే మనోళ్ళు ఎందుకు వెళ్ళలేదో చెప్పుకోవాల. కాకపోతే ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవాల. ముందు పేరు సంగతి చూద్దాం, సగం తగువు అక్కడే ఉన్నాది.

విరిగేది ఎముక కాదు, పాట

బ్రేక్ అంటే విరగడం, అంచేత ఒళ్ళు విరుచుకుని ఆడేది బ్రేక్ డాన్సు అని మనలో చాలామంది లెక్క. అసలు అర్థం వేరు. పాటలో గొంతు ఆగిపోయి, బాకాలూ గిటార్లూ ఆగిపోయి, దరువు ఒక్కటే మిగిలే ముక్క ఉంటుంది. దాన్ని బ్రేక్ అంటారు. మన అమ్మోరి సంబరంలో పాట ఆపీసి డప్పులు మాత్రమే మోగేటప్పుడు జనం ఎలగ రెచ్చిపోతారో ఒకసారి తలుచుకోండి. అదే ముక్క, అదే ఊపు.

అమెరికాలో న్యూయార్క్ నగరంలోనే బ్రాంక్స్ అని పేదోళ్ళ పేట. అక్కడ సెడ్జ్‌విక్ ఎవెన్యూలో 1520 నంబరు అపార్టుమెంటు. జమైకా నుంచి వలసొచ్చిన ఒక కుటుంబంలో సిండీ అనే పిల్ల, బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోడానికి నాలుగు డబ్బులు కావాలని ఒక పార్టీ పెట్టింది. 1973 ఆగస్టు 11. టిక్కెట్టు ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50 సెంట్లు. పాటలు వేసినవాడు ఆవిడ అన్న క్లైవ్ కాంప్‌బెల్, అప్పటికి 18 ఏళ్ళు. లోకానికి అతను డీజే కూల్ హెర్క్. జనం పాటంతా ఓపిగ్గా కాచుకుని దరువు ముక్క రాగానే దూకుతున్నారని అతను కనిపెట్టాడు. మరైతే ఆ ముక్కనే ఎందుకు సాగదియ్యకూడదు? ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ముక్క అయిపోగానే రెండోదాంట్లో మళ్ళీ అదే ముక్క మొదలెట్టేవాడు. పది సెకన్ల దరువు పది నిమిషాలయ్యేది. ఆ బ్రేక్‌కి దూకి ఆడినోళ్ళు బ్రేక్ బాయ్‌లు, బ్రేక్ గర్ల్స్. పొట్టిగా బీ-బాయ్, బీ-గర్ల్. వాళ్ళు ఆడేది బ్రేకింగ్.

ఆ బ్రాంక్స్ ఎలాటి పేటంటే, దాని నడిబొడ్డు నుంచి 1948 మొదలు 1972 దాకా ఒక పెద్ద ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేసారు. వేలమందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. మిగిలిన మేడలు తగలబడ్డాయి. వంశధార రిజర్వాయర్ కోసం హిరమండలం పక్క ఊళ్ళు ఖాళీ అయినప్పుడు అక్కడికి వెళ్ళి చూసినోళ్ళకి ఆ పేట గురించి వేరే చెప్పక్కర్లేదు. అలగ పాడుపడ్డ చోట నల్లోళ్ళ పిల్లలు, ప్యూర్టోరికో నుంచి వచ్చినోళ్ళ పిల్లలు అట్టపెట్టె చింపి నేల మీద పరుచుకుని కట్టిన ఆట ఇది. డాన్సు స్కూలు లేదు, మేష్టారు లేడు.

మరి "బ్రేక్ డాన్స్" అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? 1980ల మొదట్లో పత్రికలోళ్ళు, టీవీలోళ్ళు, సినిమావోళ్ళు పట్టుకొచ్చి అంటగట్టారు. 1983లో 'ఫ్లాష్‌డాన్స్', 1984లో 'బీట్ స్ట్రీట్' సినిమాలతో ఆ మాట లోకమంతా పాకింది. దాంతో ఆటగాళ్ళకి రెండు కోపాలు. ఒకటి, మేము పెట్టుకున్న పేరుండగా మీ పేరేటి అని. రెండోది ఇంకా గట్టిది: సంబంధం లేని ఆటలన్నీ ఆ ఒక్క సంచిలో పోసీసారు. రోబోలాగ కండరాలు బిగించి వదిలి ఆడేది పాపింగ్. అది కాలిఫోర్నియాలో ఫ్రెస్నో ఊరి బూగలూ శామ్ జట్టు పెంచింది. చేతులు చటుక్కున ఆపి, వేలు చూపించి, గంతేసి ఆడేది లాకింగ్. అది లాస్ ఏంజెలెస్‌లో డాన్ కాంప్‌బెల్ పుట్టించింది. ఇవి పడమటి ఒడ్డువి, బ్రేకింగ్ తూర్పు ఒడ్డుది. మధ్యలో నాలుగువేల కిలోమీటర్లున్నాది. తప్పెటగుళ్ళనీ కూచిపూడినీ కలిపి "ఆంధ్రా డాన్సు" అని ఒకే పేరు పెడితే మనకెలగుంటుంది?

మన దగ్గరికి సినిమా తోవలో వచ్చింది

1987లో చిరంజీవి 'పసివాడి ప్రాణం' వచ్చింది. తెలుగు సినిమాకి బ్రేక్ డాన్సు తెచ్చిన సినిమా అని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు బడిలో వేసే వయసు. తరవాత పండక్కి వీసీపీ అద్దెకి తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేసేటప్పుడు ఆ పాట దగ్గర కేసెట్ వెనక్కి తిప్పించి తిప్పించి చూసినోళ్ళం మేము. 1994లో ప్రభుదేవా 'ప్రేమికుడు' వచ్చాక ప్రతి ఊరికీ ఒక ప్రభుదేవా పుట్టుకొచ్చాడు. 2009 నుంచి ఈటీవీలో 'ఢీ' మొదలయ్యాక ప్రతి ఇంటికీ డాన్సు మార్కులు వేసే జడ్జీలు పుట్టుకొచ్చారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మన సినిమాల్లో బ్రేకు పేరుతో వచ్చినదాంట్లో ఎక్కువ భాగం నిలబడి ఆడేదే. పాపింగ్, ఒళ్ళంతా అల పాకినట్టు ఆడే వేవింగ్, మైకేల్ జాక్సన్ వెనక్కి జారే నడక. బ్రాంక్స్ పిల్లల లెక్కలో అది బ్రేకింగ్ కాదు. నేల మీదికి దిగి ఆడేదే అసలు సరుకు. అంతమాత్రాన మన పెద్దోళ్ళు తప్పు మాట అన్నారని వెక్కిరించక్కర్లేదు. మాట ఊరు దాటితే అర్థం మారుద్ది. తెలుగులో బ్రేకు అంటే "వేగంగా, విదేశీ పద్ధతిలో ఆడేది" అని స్థిరపడిపోనాది. ఇంట్లో, సంబరంలో ఆ మాటే వాడండి, ఎవడికీ నష్టం లేదు. కానీ పోటీకి పేరిచ్చేటప్పుడు, బయటోళ్ళ దగ్గర నేర్చుకునేటప్పుడు ఏ ఆటని ఏటంటారో తెలియకపోతే వెర్రిమొహం వెయ్యాల్సొస్తుంది. పాపింగ్ నేర్చుకున్న గుంటడు బ్రేకింగ్ పోటీకెళ్ళి నిలబడితే, కబడ్డీ ఆటగాడు కుస్తీ గోదాలో దిగినట్టే.

పేర్ల గురించి ఇంత చెప్పాక మన సొంత పేర్ల గురించి చెప్పకుండా ఒగ్గీలేను. పిల్లలు పల్టీలు కొడితే మన పెద్దోళ్ళు నోరారా అనే మాట "దొమ్మరి గెంతులు". దొమ్మరులంటే ఒక కులం. గడ ఎక్కి, తాడు మీద నడిచి, బజారు మధ్యలో పిల్లిమొగ్గలేసి బతికినోళ్ళు. ఆడమనిషి వెదురు గడ చివర బొడ్డానించి గిర్రున తిరుగుతుంటే కింద డోలు మోగేది. తెల్లోడి రాజ్యంలో నేరస్థ జాతుల చట్టం కింద పెట్టి ఠాణాల చుట్టూ తిప్పిన కులాల్లో వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ విద్యని చూసి చప్పట్లు కొట్టి, చిల్లర విసిరి, వాళ్ళ పేరుని తిట్టు చేసీసాం. ఇప్పుడు అదే ఒంటి విద్యకి పారిస్‌లో మెడల్ ఇస్తే టీవీ ముందు కూకుని నోరెళ్ళబెడతన్నాం. మీరు ఆటగాళ్ళయితే ముందు ఆ మాట మీ నోట్లోంచి తియ్యండి.

ఇంకోటి "రికార్డింగ్ డాన్సు". తీర్థాల్లో రాత్రిపూట పాట పెట్టి స్టేజీ మీద ఆడించేది. దాన్లో బూతు ఉన్నాదని పోలీసోళ్ళు ఆపడం, నాయకులు పర్మిషన్ తేవడం, ఆడే ఆడోళ్ళ బతుకు ఎవరికీ పట్టకపోవడం, అదొక పెద్ద కథ. ఇక్కడ చెప్పేది ఒక్కటే. ఊళ్ళో ఆడపిల్ల డాన్సు నేర్చుకుంటానంటే ఇంట్లో ముందు ఆ పేరే గుర్తొస్తుంది. "రికార్డింగ్ డాన్సుల్లోకి పోతావేటే" అని. ఒక్క మాట అడ్డుపడి ఎంతమంది గుంటల కాళ్ళు ఆగిపోనాయో ఎవడు లెక్క పెట్టాడు?

ఆట లోపల ఏటుంటాది

బ్రేకింగ్‌లో ముందు నిలబడి అడుగులేస్తారు. టాప్‌రాక్ అంటారు. పహిల్వాన్ గోదాలోకి దిగి తొడ కొట్టినట్టు, నేనెవరో చూసుకో అని చెప్పడం. తరవాత నేల మీదికి దిగడం. అక్కడ రెండు చేతుల మీద బరువేసి కాళ్ళు చుట్టూ తిప్పే ఫుట్‌వర్క్. దాన్లో మొదటి పాఠం సిక్స్ స్టెప్, ఆరు అడుగుల్లో ఒక చుట్టు. తరవాత పవర్ మూవ్స్: భుజాలూ వీపూ నేలకి ఆనించి కాళ్ళు గాలిమరలాగ తిప్పితే విండ్‌మిల్, బొంగరంలాగ తలమీద తిరిగితే హెడ్‌స్పిన్, చేతుల మీద లేచి కాళ్ళు విప్పి తిప్పితే ఫ్లేర్. ఆఖర్న దరువు పడ్డచోట ఉన్నపళంగా బిగుసుకుపోతే ఫ్రీజ్. ఆటగాళ్ళు గుండ్రంగా నిలబడి మధ్యలోకి ఒక్కొక్కరు దిగే వలయం సైఫర్. ఇద్దరు ఎదురుబడితే బేటిల్. జట్టు పేరు క్రూ.

ఒక మాట మాత్రం గట్టిగా గుర్తెట్టుకోండి: బైటింగ్. అంటే కరవడం కాదు, ఇంకొకడి అడుగుని దొంగిలించడం. ఈ ఆటలో అంతకన్న పెద్ద పరువుతక్కువ లేదు. మనకి సినిమా స్టెప్పు మక్కీకి మక్కీ దింపితే "ఒరే అచ్చం హీరోలాగే చేసాడు" అని మెచ్చుకుంటారు. అక్కడ అలగ దింపితే ఎదుటోడు రెండు చేతులూ మొసలి నోరులాగ తెరిచి మూసి చూపిస్తాడు, దొంగా అని. ఈ ఒక్క తేడా అర్థమైతే మనకీ వాళ్ళకీ మధ్య దూరంలో సగం అర్థమైనట్టే.

ఇవన్నీ మనకి కొత్తవేటి? తప్పెటగుళ్ళు చూడండి. గొల్లల ఆట, శ్రీకాకుళం విజయనగరం జిల్లాల సొత్తు. గుండెకి తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలేసుకుని, వలయంగా తిరుగుతూ, దరువు తప్పకుండా ఒకరి మీద ఒకరెక్కి గోపురంలాగ నిలబడతారు. పైవాడు వెనక్కి వాలుతాడు, తప్పెట మీద చెయ్యి ఆగదు. దరువుకీ ఒంటికీ మధ్య తేడా లేకుండా ఆడడమంటే అదీ. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ కట్టి దేశాలు తిరిగిన మట్టి ఇది. ఒంటి విద్య మనకి అరువు సరుకు కాదు. కాకపోతే తప్పెటగుళ్ళు నేర్చుకునే గుంటలు తగ్గిపోతన్నారు, రీలు తీసే గుంటలు పెరిగిపోతన్నారు. ఆ రెండూ ఒకడే ఎందుకు కాకూడదో నాకైతే అర్థం కాదు.

పారిస్‌లో జరిగిందేటి

ఆగస్టు 9న ఆడోళ్ళ పోటీ, 10న మగోళ్ళది. ఆడోళ్ళలో జపాన్ అమ్మాయి అమికి బంగారం, లిథువేనియా అమ్మాయి నికాకి వెండి, చైనా అమ్మాయి లియూ చింగ్‌యీకి కంచు. మగోళ్ళలో కెనడా ఫిల్ విజార్డ్, ఫ్రాన్స్ డానీ డాన్, అమెరికా విక్టర్. ఇంకో తమాషా, ఆడోళ్ళలో నాలుగో చోటు "ఇండియా"ది. సంబరపడకండి, ఇండియా అన్నది నెదర్లాండ్స్ తరఫున ఆడిన పిల్ల పేరు. మన దేశం నుంచి ఒక్కరూ అక్కడిదాకా చేరలేదు.

ఎలగ తేల్చారంటే, తొమ్మిదిమంది జడ్జీలు, అయిదు విషయాలు, అయిదింటికీ సమాన విలువ. ఒంటి మీద పట్టు ఎంత. ఎన్ని రకాల కదలికలు తెలుసు. తడబడకుండా చేసాడా. పాటతో కలిసి ఆడాడా. సొంత సరుకు ఎంత. పాట ఏదొస్తుందో ఆటగాడికి ముందు తెలియదు, డీజే ఇష్టం. మనోళ్ళు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. మనం ఒక పాట తీసుకుని నెల్లాళ్ళు ప్రాక్టీసు చేసి స్టేజీ ఎక్కుతాం. పాట మారిస్తే కాలు ఆగిపోద్ది. అక్కడ తెలియని పాట వినగానే అప్పటికప్పుడు అల్లుకోవాల, ఎదుటోడు వేసినదానికి జవాబు చెప్పాల. అష్టావధానంలో అడిగిన పాదానికి పద్యం చెప్పినట్టు.

ఇక ఆ ఆస్ట్రేలియా ఆవిడ సంగతి. పేరు రేచల్ గన్, ఆటలో పేరు రేగన్. 36 ఏళ్ళు, యూనివర్సిటీలో పాఠం చెప్పే మనిషి, ఈ ఆట మీదే పీహెచ్‌డీ చేసింది. దొడ్డిదారిన రాలేదు. ఖండానికి ఒక పోటీ ఉంటుంది. ఓషియానియా పోటీ 2023 అక్టోబర్లో సిడ్నీలో జరిగితే గెలిచి వచ్చింది. పారిస్‌లో మూడు పోటీలాడింది, మూడూ 18-0. మొత్తం 54 ఓట్లలో ఒక్కటీ పడలేదు. అంటే జడ్జీలు కళ్ళు మూసుకోలేదు, తేడా అంత స్పష్టంగా చూసారు. పవర్ మూవ్స్‌లో పిల్లలతో పోటీపడలేనని, సొంత కదలికలతో వేరేగా ఆడాలని చూసింది. ఒరిజినాలిటీ ఉంటే చాలదు, కింద పునాది ఉండాల అని ఆ 54 ఓట్లు చెప్పాయి. తరవాత లోకమంతా కలిసి ఆవిణ్ణి ఎంత వెక్కిరించిందంటే, ఆ ఏడాది నవంబర్‌లో ఇంక పోటీలాడనని చెప్పీసింది. ఓడిన మగోడికి ఇంత వెక్కిరింత జరుగుతుందా?

అదే పోటీలో ఇంకొకమ్మాయి ఉన్నాది, ఆవిడ వీడియో మనకి రాలేదు. మనీజా తలాష్, అఫ్ఘానిస్తాన్ పిల్ల, తాలిబాన్లు వచ్చాక దేశం ఒగ్గీసి శరణార్థుల జట్టులో ఆడింది. నెదర్లాండ్స్ ఇండియాతో ఆడుతూ భుజానికి కట్టుకున్న గుడ్డ విప్పింది. అఫ్ఘాన్ ఆడోళ్ళని విడిచిపెట్టండి అని దాని మీద రాసుంది. రాజకీయ నినాదమని డిస్‌క్వాలిఫై చేసారు. కంగారూ గెంతు కోటిమంది చూసారు, ఇది ఎంతమంది చూసారు?

"మా ఊరి గుంటలు నయం" అన్న మాటకి నా జవాబు ఇదీ. పల్టీలు ఆవిడకంటే బాగా కొట్టేవాళ్ళు మన బీచుల్లో, కళ్ళాల్లో ఉన్నారు, నేను చూసాను. కానీ ఓడినావిడతో పోల్చుకుని గెలిచామనుకోవడం ఏం లెక్క? పోల్చుకోవాల్సింది అమితో, నికాతో. వాళ్ళ పక్కన పెడితే మనోళ్ళ దగ్గర ఒంటి బలం ఉన్నాది, తెగువ ఉన్నాది. అడుగుకీ అడుగుకీ మధ్య అతుకు లేదు, పాట వినే చెవికి తర్ఫీదు లేదు. ఇవి రెండూ ఏళ్ళ తరబడి ఇంకొకరి ఎదురుగా ఆడితే వచ్చేవి. అద్దం ముందో ఫోన్ ముందో ఆడితే రావు.

తేడా రక్తంలో లేదు

లిథువేనియా దేశమంతా కలిపి జనాభా 30 లక్షల లోపు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా 2011 లెక్కల్లోనే 27 లక్షలు. అంత చిన్న దేశం నుంచి 17 ఏళ్ళ పిల్ల వెండి పట్టుకుపోనాది.

జపాన్‌కి ఈ ఆట 1983లో వెళ్ళింది. 'వైల్డ్ స్టైల్' అనే సినిమాతో పాటు న్యూయార్క్ ఆటగాళ్ళు టోక్యో వచ్చి ఆడారు. అక్కడి గుంటలు పార్కుల్లో మొదలెట్టారు. మన దగ్గరికీ కొంచెం అటూఇటూగా అప్పుడే వచ్చింది కదా? వాళ్ళకి ఆటగాళ్ళు ఎదురుగా వచ్చారు, మనకి సినిమాలో హీరో వచ్చాడు. వాళ్ళు ఆట నేర్చుకున్నారు, మనం అభిమానం నేర్చుకున్నాం. పైగా 2012 నుంచి జపాన్‌లో జూనియర్ హైస్కూల్లో వ్యాయామం పీరియడ్‌లో డాన్సు తప్పనిసరి చేసారు. అమి వాళ్ళక్కని చూసి నేర్చుకున్నాది. ఇంట్లో ఒకరు ఆడితే రెండోవాళ్ళు ఆడతారు. అమెరికా విక్టర్‌కి నేర్పింది వాళ్ళ నాన్న, ఆయన మెక్సికోలో ఉన్న రోజుల్లో ఆడినవాడు. కొరియా వాళ్ళు 1990ల చివర్లో పట్టుకున్నారు, 2002కల్లా ఎక్స్‌ప్రెషన్ అనే జట్టు జర్మనీలో జరిగిన బేటిల్ ఆఫ్ ది ఇయర్ గెలిచీసింది. ఇళ్ళకి ఇంటర్నెట్ వచ్చిన మొదటి దేశాల్లో అదొకటి. వీడియోలు చూసి, ఆపి, మళ్ళీ చూసి, గుంపుగా సాధన చేసారు.

మన దేశంలో లేరా అంటే ఉన్నారు. ముంబైలో ఆరిఫ్ చౌదరి, ఆటలో పేరు ఫ్లయింగ్ మెషీన్. బెంగళూరులో జొహానా రోడ్రిగ్స్, బీ-గర్ల్ జో. 2019 నవంబర్‌లో రెడ్ బుల్ బీసీ వన్ ప్రపంచ ఫైనల్ ముంబైలోనే జరిగింది. కానీ గమనించండి, అన్నీ పెద్ద ఊళ్ళు. పలాస నుంచి ముంబై వెళ్ళి ఒక వారం నేర్చుకుని రావాలంటే జీడిపప్పు బట్టీలో పనిచేసే ఇంటికి ఎన్ని కూలి రోజులు పోతాయో మీకు తెలుసు. టిక్‌టాక్ ఉన్నన్నాళ్ళు పల్లె గుంటలు ఆడింది కాస్త నలుగురికీ కనిపించేది. 2020 జూన్ 29న అది మూతపడ్డాక సగంమంది ఆట ఆగిపోనాది. మిగిలినోళ్ళు హైదరాబాదులో బిల్డింగ్ పనులకి, చెన్నైలో కంపెనీలకి వెళ్ళిపోనారు.

ఇది డబ్బుంటేగానీ కాదని చెప్పడం లేదు. బరువులెత్తే ఆట చూడండి. ఆమదాలవలస పక్క ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి. నీలంశెట్టి అప్పన్న మేష్టారు దగ్గర మొదలెట్టి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కంచు తెచ్చింది. ఒలింపిక్స్‌లో మెడల్ గెలిచిన మొదటి భారత మహిళ. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ, ఒకే పల్లె. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో 53 కిలోల విభాగంలో మెడల్ తెచ్చింది. ఆ ఊళ్ళో మొదట ఉన్నదేటి? ఒక బార్‌బెల్, నేర్పడానికి ఒక మనిషి, చూసి నేర్చుకోడానికి ముందు తరం. బ్రేకింగ్‌కి బార్‌బెల్ కూడా అక్కర్లేదు. నున్నటి గచ్చు, స్పీకరు, ఇంకో నలుగురు కావాల. మన హైస్కూళ్ళలో సాయంత్రం అయిదు దాటాక తాళం పడే హాళ్ళు ఎన్నున్నాయి? ఆ తాళం అడగాల్సింది మీ ఊరి స్కూలు కమిటీని. నలుగురూ కలిసి కాయితం రాసి అడగండి. అడిగితే ఇచ్చిన ఊళ్ళున్నాయి.

సాధన చేసేవాళ్ళకి రెండు ముక్కలు. ఇసకలో పల్టీలు నేర్చుకోవచ్చు, కళ్ళిపోయినా గడ్డి కాపాడుతుంది అని కళ్ళంలోనూ నేర్చుకోవచ్చు. కానీ చెయ్యానించి తిరిగేవి ఇసకలో రావు, గచ్చు మీద అట్ట పరుచుకోండి. ముందు మణికట్టు, తరవాత మెడ. ఆ రెండూ గట్టిపడకుండా తలమీద తిరగొద్దు. ఏళ్ళ తరబడి హెడ్‌స్పిన్ చేసిన ఒకాయనకి నడినెత్తిన బొడిపె లేచి, కోసి తియ్యాల్సొచ్చిందని డెన్మార్క్ డాక్టర్లు 2024లో రాసారు. అతనికి అక్కడ ఆసుపత్రి ఉన్నాది. మనకి మెడ పట్టేస్తే విశాఖ కేజీహెచ్ దాకా అంబులెన్సులో పోవాల.

ఆటా, కళా?

ఇంకో తగువు ప్రపంచమంతా నడుస్తన్నాది. దీన్ని ఒలింపిక్స్‌లో పెట్టడం మంచిదా చెడ్డదా అని. పోటీని నడిపే అధికారం బ్రేకింగ్ వాళ్ళకి ఇవ్వలేదు, సూటూ బూటూ వేసుకుని జంటగా ఆడే బాల్‌రూమ్ డాన్సుల సమాఖ్య చేతికిచ్చారు. వీధిలో పుట్టినదానికి మార్కులేటి అని పాతోళ్ళకి మంట. మెడల్ ఉంటేనే సర్కారు డబ్బిస్తుందని కొత్తోళ్ళ లెక్క. ఇద్దరి మాటలోనూ పస ఉన్నాది, కానీ నన్నడిగితే రెండోవాళ్ళ పక్కే మొగ్గుతాను. పరువు కోసం పోరాడే తీరిక న్యూయార్క్ వాడికుంటుంది. మన గుంటడికి ముందు రైలు టిక్కెట్టు కావాల, స్పోర్ట్స్ సర్టిఫికెట్ కావాల, ఇంట్లో "ఇది ఆటేనమ్మా" అని చూపించడానికి ఒక కాయితం కావాల.

ఆ కాయితం ఇప్పట్లో తేలిగ్గా రాదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ లేదు. క్రికెట్ ఉన్నాది. ఈ ఆట పుట్టిన దేశంలో దీనికి చోటు లేకుండా పోనాది. కుర్రకారు కోసం పెట్టే యూత్ ఒలింపిక్స్‌లో మాత్రం ఉన్నాది. 2018లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఆ పోటీలతోనే ఒలింపిక్ గడప తొక్కింది, 2026లో సెనెగల్ దేశం డకార్‌లో జరిగే పోటీల జాబితాలోనూ ఉన్నాది.

పాతికేళ్ళు దాటిపోనాయి, ఇంకేటి నేర్చుకుంటాం అని నన్ను అడిగినోళ్ళున్నారు. కొరియాలో కిమ్ హాంగ్-యుల్ అని ఉన్నాడు, ఆటలో పేరు హాంగ్ టెన్. రెడ్ బుల్ బీసీ వన్ ప్రపంచ ఫైనల్ 2006లో గెలిచాడు, 2013లో గెలిచాడు, మళ్ళీ 2023 అక్టోబర్లో పారిస్‌లో గెలిచాడు. ఆ మూడోసారికి అతనికి 38.